మినిట్స్‌లో రాయించుకున్న నీళ్ళ ప్లాంటు: గని పక్క ఊళ్ళో నా అనుభవం

మా ఊళ్ళో మహిళా సంఘాల పుస్తకాలు రాసేది నేను. తెలంగాణలో వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు, అంటారు. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి బ్యాంకు కిస్తీ మిగిలింది, ఏ మీటింగ్‌లో ఏ తీర్మానం చేశారు, అన్నీ నా చేతిరాతే. ఆ అలవాటే నన్ను గని వ్యవహారంలోకి లాగింది. ఊరికి ఆనుకొని ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి గని ఉంది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేటప్పటికే ఉంది. దాన్ని పెంచుతామని, ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నామని పేపర్లో నోటీసు వచ్చింది మొదలు ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నాను. కంపెనీ పేరూ ఊరి పేరూ కావాలనే రాయడం లేదు.

కంపెనీ అంతకుముందు మాకు ఏమీ చేయలేదని అనను. ఊరి మొదట్లో కమాను కట్టించింది, దాని మీద ఊరి పేరు కంటే కంపెనీ పేరే పెద్దది. బస్టాప్ షెడ్డు వేసింది, బడిపిల్లలకు బ్యాగులు పంచింది. ఒక నీళ్ళ ప్లాంటూ పెట్టింది. రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలు వచ్చారు, ఫొటోలు పేపర్లో పడ్డాయి. నీళ్ళను వడపోసే మెంబ్రేన్ పాడైన రోజు నుంచి మాత్రం దాన్ని ఎవరు బాగుచేయించాలో ఎవరికీ తెలియదు. పంచాయతీకి అప్పగించామని కంపెనీ అంటుంది, మాకు ఒక్క కాగితమూ ఇవ్వలేదని పంచాయతీ అంటుంది. మధ్యలో కరెంటు బిల్లు పేరుకుపోయి మీటరు ఊడదీసుకుపోయారు. ఆ గదిలో ఇప్పుడు ఎవరివో యూరియా బస్తాలున్నాయి.

నోటీసు చూశాక నేను చేసిన మొదటి పని, గని గురించి కంపెనీ తయారు చేయించిన నివేదిక ఎక్కడుందో వెతకడం. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పేపర్లలో నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్, పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల జనం చదువుకోవడానికి పెట్టాలి. సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఉంది కూడా, కానీ ఆ తెలుగు చదివితే సగం ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకే అర్థమవుతుంది. ఎన్ని టన్నులు తవ్వుతారు, ఎంత లోతుకు వెళ్తారు, రోజుకు ఎన్ని టిప్పర్లు తిరుగుతాయి, ఇవి పట్టికల్లో ఉన్నాయి. ‘సామాజిక అభివృద్ధి’ అన్న శీర్షిక కింద ఉన్నవి నాలుగు ముక్కలు. అందులో ఒకటి, దుమ్ము లేవకుండా రోడ్ల మీద నీళ్ళు చల్లడం!

అక్కడ నాకు ఒళ్ళు మండింది. దుమ్ము లేపేది వాళ్ళ టిప్పర్లు. దాన్ని అణచడం గని నడపడానికి పెట్టిన షరతు. అది ఊరికి చేసే మేలు ఎట్లా అవుతుంది? తర్వాత తెలిసిందేమిటంటే ఈ తేడా చట్టంలోనే ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు తమ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద, అంటే సీఎస్‌ఆర్ కింద ఖర్చు పెట్టాలి. ఇతర చట్టాల ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులను ఆ ఖాతాలో చూపించకూడదని 2021 జనవరిలో సవరించిన నిబంధనలు చెబుతాయి. ఊళ్ళో ఈ ముక్క చెప్పినప్పుడు కొందరు నవ్వారు. “చట్టం మన ఊరిదాకా వస్తదా అక్కా?” అన్నాడు ఒక తమ్ముడు. వస్తుందో రాదో అడిగి చూద్దామన్నాను.

సేకరణకు ముందు ఊళ్ళో పెట్టుకున్న మీటింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవ కంపెనీతో కాదు, మాలో మాకే. లారీలు, టిప్పర్లు ఉన్నవాళ్ళకు గని అంటే ట్రిప్పులు. “ఇప్పుడెందుకు ఈ గడబిడ? ట్రిప్పులు బందైతే నా ఫైనాన్స్ కిస్తీ నువ్వు కడతవా?” అని ఒకాయన నన్ను ముఖం మీదే అడిగాడు. ఆయన బాధ అబద్ధం కాదు. చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు కావాలి. పొలం పోయేవాళ్ళకు ధర కావాలి. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళకు దుమ్ము పోవాలి. బ్లాస్టింగ్ అప్పుడు గోడలు బీటలు వారుతున్నాయని గని వైపు వీధివాళ్ళ గోల. అందరి కోరికలూ ఒకే కాగితం మీద రాస్తే వినేవాళ్ళకు ఒక్కటీ చెవికెక్కదు. ఆ రాత్రి తేల్చుకున్నది ఇది: ఎవరి కోరిక వాళ్ళు అడగొచ్చు, నీళ్ళూ దుమ్మూ మాత్రం అందరమూ అడగాలి.

రిటైరైన పంతులుగారొకరు 1997 నాటి సమత తీర్పు గురించి చెప్పారు. విశాఖ ఏజెన్సీలో గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పరిశ్రమలు నికర లాభంలో కనీసం 20 శాతం పక్కనబెట్టి అక్కడి నీటి వసతికీ బడులకూ ఆసుపత్రులకూ రోడ్లకూ శాశ్వత నిధిగా ఉంచాలని అందులో ఉంది. అడవుల పెంపకానికయ్యే ఖర్చు ఆ 20 శాతంలోకి రాకూడదని కూడా అన్నారు. మాది ఏజెన్సీ ప్రాంతం కాదు కాబట్టి మాకు వర్తించదు. అయినా ఆ లెక్క విన్నాక బ్యాగులూ కమానులూ చిన్నగా కనబడ్డాయి.

ఇంకో లెక్క నేను వేసి చూపించాను. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు 9బి అనే సెక్షన్ పెట్టి గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ళ కోసం ప్రతి గనుల జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉండాలన్నారు. ఆఫీసుల్లో డీఎంఎఫ్‌టీ అంటారు. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గని, తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి రాయల్టీ కట్టినప్పుడల్లా అందులో 30 శాతానికి సమానమైన మొత్తం అదనంగా ఈ ట్రస్టుకు కట్టాలి. ఆ తర్వాత వేలంలో వచ్చిన లీజైతే 10 శాతం. మా పక్కది పాత లీజు. సిమెంటు సున్నపురాయికి రాయల్టీ 2014లో ఖరారైన రేటు ప్రకారం టన్నుకు 80 రూపాయలు. అంటే ప్రతి టన్నుకూ ట్రస్టులో 24 రూపాయలు పడతాయి. ఏడాదికి 10 లక్షల టన్నులు తవ్వే గని నుంచి 2 కోట్ల 40 లక్షలు. బోర్డు మీద సుద్దముక్కతో రాసి చూపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక ముసలమ్మ అడిగింది, “మరి ఆ పైసలు యాడున్నయ్ బిడ్డా?” ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి చాలా కాలం పట్టింది, ముందు సేకరణ సంగతి.

షామియానా, మైకు, పోలీసులు, వీడియో తీసేవాళ్ళు. అదనపు కలెక్టర్ గారు అధ్యక్షత వహించారు. కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు పక్కన కూర్చున్నారు. ముందు మాట్లాడినవాళ్ళలో చాలామంది వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు. గని వస్తే ప్రాంతం బాగుపడుతుందని ఒకే మాట తిప్పితిప్పి చెప్పి వెళ్ళిపోయారు. కొందరు గట్టిగా అరిచారు, మైకు లాక్కున్నారు. అరుపులకు కంపెనీవాళ్ళు జవాబు చెప్పాల్సిన పని ఉండదు. నా వంతు వచ్చినప్పుడు నేను నీళ్ళ ప్లాంటు గురించి మాత్రమే అడిగాను. కొత్తది పెడతారా, ఏ ఏడాదిలో, ఎంత డబ్బుతో, ఎన్నేళ్ళు నడిపిస్తారు, మెంబ్రేన్‌లు ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు. కంపెనీ తరఫు పెద్దాయన మొదట “తప్పకుండా చేస్తామమ్మా” అన్నారు. మళ్ళీ అడిగాను. పక్కనున్నవాళ్ళతో మాట్లాడి, అనుమతి వచ్చిన మొదటి ఏడాదిలో పెడతామని, ఐదేళ్ళు నిర్వహణ ఖర్చు తామే భరిస్తామని చెప్పారు. దుమ్ము గురించి మా వదిన అడిగింది. రోజుకు రెండు పూటలా ట్యాంకరు తిప్పుతామన్నారు.

చప్పట్లు పడ్డాయి. జనం లేచారు. అసలు పని అప్పుడు మొదలవుతుందని ఎవరూ చెప్పరు. నోటిఫికేషన్ ప్రకారం ఆ రోజు మాట్లాడిన అన్ని అభిప్రాయాలనూ మినిట్స్‌గా రాసి, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. మేం పదిమందిమి కుర్చీలు మడుస్తుంటే కూడా కదల్లేదు. చదివారు. మా నీళ్ళ ప్లాంటు సంగతి అందులో ఇలా ఉంది: ‘గ్రామంలో తాగునీటి సౌకర్యం కల్పించవలసిందిగా కోరగా, అభివృద్ధి పనులకు సహకరిస్తామని యాజమాన్యం తెలిపింది.’

ఇరవై మంది ఆడవాళ్ళ సంఘంలో కూడా ఇంత తేలిగ్గా తీర్మానం రాస్తే నన్ను బతకనివ్వరు. నేను లేచి, మొదటి ఏడాది అన్నారు, ఐదేళ్ళు అన్నారు, రెండు పూటల ట్యాంకరు అన్నారు, వీడియో ఉంది కదా సార్, చూసి రాయండి అన్నాను. ఇంజనీరు గారికి విసుగొచ్చింది, సారాంశంలో ప్రతి మాటా రాయలేమన్నారు. అదనపు కలెక్టర్ గారు మాత్రం కంపెనీ పెద్దాయన వైపు తిరిగి “అన్నారా, అనలేదా?” అని అడిగారు. అన్నామన్నారు. “అయితే రాయండి.” రెండు వాక్యాలు మారాయి. ఆ రోజు ఊరికి దక్కినది ఆ రెండు వాక్యాలే.

అవి ఎందుకు అంత విలువైనవో చెబుతాను. 2018లో పర్యావరణ శాఖ, ప్రాజెక్టు పెట్టుబడిలో ఇంత శాతం చుట్టుపక్కల ఖర్చు పెట్టాలని ఒక పద్ధతి పెట్టింది. 2020 సెప్టెంబర్ 30న దాన్ని మార్చి, శాతాల లెక్క కాకుండా సేకరణలో జనం లేవనెత్తిన అంశాలకు కంపెనీ ఇచ్చిన హామీలను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చాలంది. అంటే ఆ రోజు షామియానా కింద ఏది రాస్తే అదే తర్వాత పట్టికలో డబ్బుతో సహా ఎక్కుతుంది. రాయనిది గాలికి పోతుంది. ఉద్యోగాల గురించి మా పిల్లలు గంటసేపు మాట్లాడారు. మినిట్స్‌లో ‘అర్హతను బట్టి స్థానికులకు ప్రాధాన్యం’ అని ఉంది. ఆ ముక్కతో ఇప్పటికి ఎవరికీ ఉద్యోగం రాలేదు, ఎవరినీ నిలదీయడానికీ లేదు.

గని పెంచడానికి పర్యావరణ అనుమతి పత్రం వచ్చిన సంగతి మాకు పేపర్ ద్వారానే తెలిసింది. దాని నకలు పంచాయతీకి కంపెనీ ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు బోర్డు మీద పెట్టాలి. మా ఆఫీసులో అది బీరువాలో ఉంది. కార్యదర్శి మంచివాడే, ఇంగ్లిష్‌లో ఉన్న అన్ని పేజీలు ఎవరు చదువుతారులే అనుకున్నాడు. మేం జిరాక్స్ తీయించి, మా ఊరికి సంబంధించిన షరతులు తెలుగులో రాసి అంటించాం. పట్టికలో నీళ్ళ ప్లాంటు ఉంది, మొత్తం ఉంది, సంవత్సరం ఉంది.

తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. ఆ భాగం రాయడానికి ఏమీ లేదు, తిరగడమే.

కంపెనీలో కొత్తగా సీఎస్‌ఆర్ చూసే అమ్మాయి వచ్చాక కథ కదిలింది. ఈ మేడం మా పట్టికను తెచ్చుకొని కూర్చుంది. షరతు కింద చేయాల్సినదాన్ని సీఎస్‌ఆర్ లెక్కలో వేయబోమని, ప్లాంటు ఖర్చు గని ఖాతాలోనే పడుతుందని ముందే చెప్పింది. తర్వాత ప్లాంటు ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న వచ్చింది. పంచాయతీ పేరున అంటే అప్పుడు సంతకం చేసే సర్పంచే లేరు. 2024 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. మాకిచ్చిన ఆఫీసరుకు ఇంకా చాలా ఊళ్ళున్నాయి, ఆయన దొరకడమే గగనం. మేడమే ఒక దారి చెప్పింది. సీఎస్‌ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తులను లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల పేరున ఉంచవచ్చని నిబంధనల్లోనే ఉందట. ఇది ఆ డబ్బు కాకపోయినా, అదే పద్ధతిలో మా మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి రాసివ్వమని వాళ్ళ పైవాళ్ళను ఒప్పించింది.

ఒప్పందం రాసేటప్పుడు మావాళ్ళు బేరం ఆడిన తీరు చూస్తే ముచ్చటేసింది. మెంబ్రేన్, ఫిల్టర్లు, మోటారు, ఏది పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేయాలి అన్నది విడివిడిగా రాయించారు. వదిలేసే నీళ్ళు ఎక్కడికి పోవాలన్నది ఇంకో పేరా. ఐదేళ్ళ తర్వాత ఎవరు అన్నదే అందరినీ ఆపింది. నీళ్ళ క్యాన్లకు తీసుకునే రుసుంలో కొంత ప్రతినెలా విడి ఖాతాలో వేయాలని, ఆ ఖాతాను నిర్వహణకు తప్ప ముట్టకూడదని తీర్మానం చేశాం. ఊరి మగవాళ్ళలో కొందరికి ఇది నచ్చలేదు. ఆడవాళ్ళకు ప్లాంటు ఎందుకన్నారు. పాత ప్లాంటు గదిలోని యూరియా బస్తాలు ఎవరివో అడిగాం. మాట మార్చారు.

ఇక ముసలమ్మ అడిగిన ప్రశ్న. సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే రశీదు వచ్చింది, జవాబు గనుల శాఖకు పంపామని వచ్చింది. అక్కడ అడిగితే ప్లానింగ్ సెక్షన్‌లో అడగమన్నారు. చివరికి సమాచార హక్కు కింద వేశాం. జిల్లా ఆఫీసుకు 10 రూపాయల రుసుం, 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటాక అప్పీలు పెడితే వచ్చింది. ట్రస్టుకు ఎంత వచ్చింది, ఏ మండలంలో ఏ పనికి ఎంత ఇచ్చారు అన్న జాబితా. నిజానికి ఇవన్నీ, మీటింగ్ మినిట్స్‌తో సహా, ట్రస్టు తన వెబ్‌సైట్‌లో పెట్టాలని, ఈ ట్రస్టు డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే ప్రధానమంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాల్లోనే ఉంది. మేం అడగకుండానే కనబడాల్సిన కాగితం అది.

జాబితా చూస్తే గనుల పక్క ఊళ్ళ కంటే, గని దుమ్ము ఎప్పుడూ చూడని చోట్ల సీసీ రోడ్లూ ఆఫీసు భవనాల మరమ్మతులే ఎక్కువ కనబడ్డాయి. దొంగతనం అనలేను. 2015 మార్గదర్శకాల్లో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పారిశుద్ధ్యం లాంటి ముఖ్య రంగాలకు, 40 శాతం దాకా రోడ్లూ విద్యుత్తూ సాగునీరూ లాంటివాటికి అని ఉంది. ప్రభావిత ప్రాంతం ఎంతవరకు అన్నది సాగదీసుకోగలిగినంత సాగింది. కరోనా సమయంలో దాని కట్టడికి మిగులు నిధుల్లో 30 శాతం దాకా వాడుకోవచ్చని కేంద్రమే అనుమతిచ్చింది. 2024 జనవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో గనికి 15 కిలోమీటర్ల లోపలిది నేరుగా ప్రభావితమయ్యే ప్రాంతమని, 25 కిలోమీటర్ల దాకా పరోక్షమని గీత గీశారు. మా ఊరు 15లో కాదు, ఒకటిలో ఉంది.

ఈ గీతను పట్టుకొని గ్రామసభ తీర్మానం చేశాం. ఏజెన్సీ ఊళ్ళలోలాగా మా గ్రామసభ ఆమోదం తప్పనిసరి కాదు, అయినా తీర్మానం, అసిస్టెంట్ ఇంజనీరుతో వేయించిన ఖర్చు అంచనా, ఫొటోలు, జాబితా నకలు కలిపి ఇస్తే ఫైలు బల్ల మీద నిలబడుతుంది. ఉత్త కోరికల కాగితం నిలబడదు. రెండు అడిగాం. టిప్పర్లు ఊళ్ళోంచి కాకుండా చుట్టూ వెళ్ళడానికి రోడ్డు, ఆరోగ్య కేంద్రంలో ఛాతీ ఎక్స్‌రే. మొదటిదానికి కలెక్టర్ గారు అడిగిన ప్రశ్న న్యాయమైనది: కంపెనీ టిప్పర్ల కోసం రోడ్డు ట్రస్టు డబ్బుతో ఎందుకు వేయాలి? మాకూ అదే అనిపించి ఆ కోరిక వెనక్కి తీసుకొని, కంపెనీనే అడుగుతున్నాం. ఎక్స్‌రే మంజూరైంది. యంత్రం వచ్చింది కానీ తీసే మనిషి పోస్టు ఖాళీగా ఉండడంతో వారంలో కొన్ని రోజులే నడుస్తోంది. ట్రస్టు డబ్బుతో కొనడం ఒక శాఖ పని, మనిషిని పెట్టడం ఇంకో శాఖ పని.

ట్యాంకరు సంగతి మిగిలింది. అనుమతి షరతుల అమలు మీద కంపెనీ ప్రతి జూన్ 1కి, డిసెంబర్ 1కి నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగ్గ పత్రం. మొదటి నివేదికలో నీళ్ళు చల్లడం గురించి ‘పాటిస్తున్నాం’ అని ఒక్క ముక్క ఉంది. అందుకని రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు ఒక రిజిస్టర్ పెట్టారు. ట్యాంకరు వచ్చిన పూట టిక్కు, రాని పూట సున్నా, చూసినవాళ్ళ సంతకం. వారానికో ఇల్లు ఆ పని చూసుకుంటుంది. డిసెంబర్ నివేదికకు ఆ పేజీల నకళ్ళు జతచేసి, అనుమతి ఇచ్చినవాళ్ళకూ కాలుష్య మండలికీ కంపెనీకీ పంపాం. లారీల ఆయన కూడా సంతకం పెట్టాడు, ఆయన ఇల్లూ ఆ రోడ్డు మీదే. పొద్దున పూట ట్యాంకరు ఇప్పుడు తప్పడం లేదు. సాయంత్రం పూట ఇంకా సున్నాలే ఎక్కువ. జూన్ నివేదికకు ఆ పేజీలు మళ్ళీ జతచేయాలి.